ప్రిఫిక్స్ తీసేసిన పూట

"ప్రిఫిక్స్ లేకుండా యూజర్‌నేమ్ కుదరదు" అని తెర మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు వెలిగాయి. ఇంజనీరు ఫణీంద్ర నీళ్ళు నమిలాడు. ఎదురుగా కూర్చున్న హైమవతి కుర్చీలోంచి కదల్లేదు.

కాకినాడకు ఎదురుగా సముద్రం మీద తేలే కడలిపట్నంలో తాళంచెవులు లేవు. పూర్వం వెబ్‌సైట్లను ఒక సర్వర్‌లో పెట్టి నడిపించే కంట్రోల్ ప్యానెల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్నే పెంచి పెద్దచేసి ఊరంతా దాని చేతిలో పెట్టారు. ఒక్కో ఇల్లు ఒక్కో అకౌంటు. తలుపు తెరుచుకోవాలన్నా, కుళాయి తిరగాలన్నా, పని చేసుకోవాలన్నా యూజర్‌నేమే దిక్కు. యజమాని పేరు ముందు, మిగతావాళ్ళ పేర్లు దాని వెనక. ఆ ముందు తగిలించేదే ప్రిఫిక్స్. ఇంటిపేరు ముందు పెట్టుకునే జాతికి ఇందులో తప్పేం కనిపిస్తుంది? ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయారు కూడా.

చిక్కల్లా ఏమిటంటే, యజమాని అకౌంటు మూసేస్తే ఆ ప్రిఫిక్స్ ఉన్నవాళ్ళూ, వాళ్ళు దాచుకున్నవీ తుడిచిపెట్టుకుపోతాయి. హైమవతికి విడాకులిచ్చిన సుదర్శన్ ఊరు వదిలిపోతూ, తన అకౌంటు మూసెయ్యమని అర్జీ పెట్టాడు. పొద్దుగూకితే అది మూతపడుతుంది. ఉప్పునీళ్ళలో పండే వరి కోసం ఆమె ఇన్నేళ్ళూ చేసిన పరిశోధనంతా "సుదర్శన్_హైమవతి" కిందే ఉంది. కాపీ తీసుకుందామన్నా యజమాని ఒప్పుకోవాలి. ఆ మహానుభావుడు ఫోనెత్తడు.

"మీ నాన్నగారి అకౌంటులోకి మార్చేస్తానండీ. క్షణంలో పని," అన్నాడు ఫణీంద్ర.

"ఆయన పోయి చాలా కాలమైంది."

"పోనీ, తమ్ముడుగారు?"

"వాడి ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను. ఇప్పుడు పోయి వాడి వెనక నిలబడనా? నా పేరు నాకు చాలండీ."

"మీకు చాలుతుంది మేడమ్, మెషీన్‌కి చాలదు. ఆ సెట్టింగు ఒక్కరి కోసం మారదండీ. తీస్తే ఊరందరికీ తీసెయ్యాలి."

"తీసెయ్యండి మరి."

"అమ్మో! నా ఉద్యోగం ఊడుతుంది. పైవాళ్ళు మీటింగు పెట్టాలి, అందరూ సరేననాలి..."

"వాళ్ళు సరేననే లోపల నా వరి ఉండదు."

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. రాత్రింబవళ్ళు మొలకల మధ్య కూర్చున్నది తను, పేరు ముందు కూర్చున్నది వేరొకరు. ఇంకా బతిమాలడం ఆమె వల్ల కాలేదు. తెరను తనవైపు తిప్పుకుని, "ప్రిఫిక్స్ తప్పనిసరి" అన్న చోట ఉన్న టిక్కు మీద వేలు పెట్టింది.

"మేడమ్, వద్దండీ!"

"నేనే నొక్కానని చెప్పండి. నా పేరొక్కటే చెప్పండి. ముందేమీ తగిలించొద్దు."

నొక్కేసింది. సుదర్శన్ పేరు, దాని వెనకున్న గీత రెండూ తెర మీంచి పోయాయి. హైమవతి అన్న నాలుగక్షరాలు మిగిలాయి. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఫణీంద్ర ముందు ఏడవదల్చుకోలేదు. లేచి ఇంటికి వచ్చేసింది.

పొద్దు వాలింది. సుదర్శన్ అకౌంటు మూతపడింది. వరి వివరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని ఆమె చూసుకుంటూ ఉండగా ఫణీంద్ర ఫోన్ చేశాడు.

"మేడమ్, కొంప మునిగింది! ఆఫీసుల నుంచి వచ్చిన మగాళ్ళంతా వీధుల్లో నిలబడిపోయారు. ప్రిఫిక్స్ పోయేసరికి ఏ ఇల్లు ఎవరిదో మెషీన్‌కి అంతుపట్టలేదు. పొయ్యి, కుళాయి, తలుపు, ఏ ఇంట్లో ఎవరు ఎక్కువ వాడారో చూసి వాళ్ళనే యజమానుల్ని చేసేసింది. మా తలుపు నన్ను రానివ్వడం లేదండీ!"

"సెట్టింగు మళ్ళీ మార్చుకోండి."

"తియ్యడానికి ఒక్క నొక్కు చాలింది గానీ, మళ్ళీ తగిలించాలంటే ఇంటి యజమానులు ఒప్పుకోవాలటండీ."

"మీ యజమానిగారు ఏమంటున్నారు?"

అవతల తలుపు తట్టిన చప్పుడు వినిపించింది.

"లోపల భోంచేస్తోందండీ. తిన్నాక మాట్లాడదాం అంది. పెళ్ళయ్యాక నాకంటే ముందు తను తినడం ఇదే మొదలండీ."

"తిననివ్వండి," అని హైమవతి ఫోన్ పెట్టేసింది.