తొమ్మిదో నంబరు బావిలో మనిషి

ఇది నేనెప్పుడూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో నంబరు ఇంటి బావిలో పడి చచ్చిన వ్యాపారిని చంపింది నేనే. ఓ మంగళవారం ట్రాములో కూర్చుని, కిటికీకి తల ఆనించి చంపాను. నాలుగు స్టాపులు పట్టింది.

న్యూరెంబర్గ్‌లో ఇప్పుడు ఆ బావి సంగతి తెలియని హోటల్ లేదు. కోట కింద సందులో, రెండు ఇళ్ళ మధ్య ఒక ఇరుకు నడవ. నడవ చివర రాళ్ళు పరిచిన చిన్న పెరడు. పెరట్లో బావి, దాని మీద ఇనప ఊచల మూత. చీకటి పడ్డాక అటు వెళ్ళకూడదట. మూత మీద మూడుసార్లు కొడితే లోపలి నుంచి ఎవరో తిరిగి కొడతారట. కొట్టి వెళ్ళిన ఒకాయనకి వారం రోజులు జ్వరం దిగలేదట...

ఈ ‘అట’లన్నీ నావే, ట్రాములో అల్లినవే.

నేను గైడుని. ఎవరి దగ్గరా నేర్చుకున్న గైడుని కాదు. పదో తరగతితో బడి మానేసి, బేకరీలో రొట్టెలమ్ముతూ, లైబ్రరీ పుస్తకాలు నమిలి, వేరేవాళ్ళ టూర్ల వెనక దొంగచాటుగా నడిచి ఈ ఊరిని నేర్చుకున్నాను. మూడేళ్ళ క్రితం గైడ్ల సంఘం పరీక్షకి వెళ్ళాను. బల్లకి అవతల ఫ్రౌ గెర్లిండె కెస్లర్. డెబ్భై దాటిన మనిషి, ఈ ఊరి గైడ్లలో సగం మంది ఆవిడ చేతి కింద తయారైనవాళ్ళే.

నేను ఒక వాక్యం చెప్పేదాన్ని. ఆవిడ పెన్సిల్‌తో బల్ల మీద తట్టేది.

“ఎక్కడుంది అది?”

మా పనిలో రూలు అది. ఎక్కడ రాసి ఉందో చూపించలేని మాట టూర్లో అనకూడదు. పుస్తకం పేరు చెప్పాను. ఇంకో వాక్యం. మళ్ళీ పెన్సిల్. పదకొండుసార్లు జవాబు చెప్పాను.

“అమ్మాయ్,” అందావిడ కళ్ళజోడు తీసి. “నువ్వు చాలా చదివావు. కానీ నీకెవరూ నేర్పలేదు. అది వినిపించేస్తోంది.”

పక్కన కూర్చున్న ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుని నేను ఇంటికి తెచ్చుకుని మేపాను.

సంఘం ఇచ్చే గైడు బ్యాడ్జి రాలేదు. బ్యాడ్జి అడగని ఏజెన్సీ ఒకటి దొరికింది. ఎగ్జిబిషన్‌కి వచ్చే కంపెనీలవాళ్ళని సాయంత్రం ఊరు తిప్పాలి. పగలంతా మెడలో పేరు వేలాడేసుకుని స్టాలు ముందు నిలబడ్డవాళ్ళు. ఆరింటికి స్టాలు మూస్తారు, ఎనిమిదింటికి క్లయింటుతో భోజనం. మధ్యలో ఉన్న రెండు గంటల్లో వాళ్ళకి కోట కావాలి, చర్చి కావాలి, బీరు కావాలి. చివర్లో కాస్త భయం కూడా కావాలి. నల్ల గౌను వేసుకుని లాంతరు పట్టుకునేదాన్ని. వాళ్ళకి నా పేరు ‘లాంతరు లీసెల్’. అసలు పేరు వెరెనా అని ఎవరికీ చెప్పను.

ఆ కాస్త భయం కోసం నేను ఎంచుకున్న చోటు తొమ్మిదో నంబరు. ఎందుకంటే ఆ ఇంటి పై అంతస్తులో ఉండేది ఫ్రౌ కెస్లర్.

“మూడొందల ఏళ్ళ క్రితం,” అనేదాన్ని లాంతరు కిందికి దించి, “మీలాగే ఒకాయన సరుకు పట్టుకుని ఈ ఊరి సంతకి వచ్చాడు. మీలాగే ఒంటరిగా. ఈ ఇంటావిడ అన్నం పెట్టింది, పక్క వేసింది. పొద్దుపోయాక నీళ్ళు తోడుకుందాం రమ్మంది. వంగాడు... వెనక నుంచి ఒక్క తోపు.” లాంతరు పైకెత్తేదాన్ని. “ఆవిడ పేరు కెస్లర్. ఆ వంశం ఇంకా పోలేదు. అదిగో, పైన దీపం—”

అందరి ఫోన్లూ ఒక్కసారి పైకి లేచేవి.

ఆవిడ కిటికీ తలుపులు మూసుకోవడం మొదలుపెట్టింది. నేను లేనప్పుడు కూడా జనం వచ్చేవాళ్ళు. గంట కొట్టి పారిపోయేవాళ్ళు. ఆవిడ నడవలో ప్లాస్టిక్ తొడుగేసి ఒక కాగితం అంటించింది: దయచేసి గంట కొట్టకండి. ఈ బావిలో ఎప్పుడూ ఎవరూ చనిపోలేదు. నేను ఎనిమిదింటికి పడుకుంటాను. కింద తేదీ, సంతకం. ఆ కాగితాన్ని నా టూర్లో కలిపేసుకున్నాను. లాంతరు వెలుగులో చదివి వినిపిస్తే కథకన్నా దానికే ఎక్కువ నవ్వేవాళ్ళు.

ఈ నెల మొదట్లో ఇంటి ముందు తాత్కాలిక బోర్డు పెట్టారు. సోమవారం పొద్దున ఏడు నుంచి బండ్లు ఆపరాదు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. నలభై మూడేళ్ళు ఉన్న ఇల్లు. బోర్డు చూసి నేను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మొన్న బుధవారం ఏడుగురు వచ్చారు. పంపుల ఎగ్జిబిషన్. వాళ్ళలో టోర్బెన్ అని ఒక డెన్మార్క్ ఆయన, ముప్ఫయ్యేళ్ళుగా బావి పంపులమ్ముతున్న మనిషి. నా కథ అయిపోయింది. అందరూ బీరు వైపు నడిచారు. అతను మాత్రం కోటు విప్పి బావి మూత మీద బోర్లా పడుకున్నాడు.

“ఏంటయ్యా, నిద్రొస్తోందా?” అన్నాడు వౌటర్ అనే డచ్చాయన.

“నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూసి వస్తా.”

“పోనీలే లీసెల్,” అన్నాడు వౌటర్. “పంపులవాడికి బావి కనిపిస్తే పెళ్ళాం కూడా గుర్తుండదు.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయాం.

ఇరవై ఐదు నిమిషాలైంది. బీరు హాల్లో అందరి ముందూ సాసేజ్ పళ్ళేలు ఖాళీ అయ్యాయి. అప్పుడొచ్చాడు టోర్బెన్. కోటు లేదు. బీరు ముట్టుకోలేదు. నన్ను మూలకి పిలిచాడు.

“వెరెనా ఎవరు?”

లాంతరు బల్ల మీద పెట్టాను.

“ఎందుకు?”

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఫోన్ లైటు ఊచల సందులోంచి కిందికి వేశాడట. నీళ్ళు కనిపించలేదు. సరదాకి మూడుసార్లు కొట్టాడు. ఏమీ లేదు. లేవబోతుంటే చప్పుడు... తాడు చప్పుడు. బరువు వేలాడుతున్న తాడు రాతి అంచు మీద ఒరుసుకునే చప్పుడు. ఆ బావికి తాడు లేదు.

“ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నా ఆ చప్పుడు,” అన్నాడు. “పొరబడను.”

తర్వాత గొంతు. ఎక్కడో అడుగు నుంచి కాదు — ఊచల కింద, చెయ్యి చాపితే అందేంత దగ్గర.

“ఆమె తొయ్యలేదు.”

టోర్బెన్ ఊచలకి చెవి ఆనించాడు.

“ఆమె పట్టుకుంది. ఇంకా పట్టుకునే ఉంది. వెరెనాకి చెప్పు... సోమవారం ఆమె వదిలేస్తుంది. నేను కిందికి పోను. పైకి వస్తాను. నన్ను చంపినదాని దగ్గరికి.”

అంతే. కోటు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. మర్నాడు పొద్దున్నే విమానం మార్చుకుని వెళ్ళిపోయాడని హోటల్లో చెప్పారు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. నా పేరు పరీక్షప్పటి నుంచి ముసలిదానికి తెలుసు. ఎవణ్ణో పెరట్లో పెట్టి గొంతు మార్చి మాట్లాడించింది! రాత్రంతా పళ్ళు కొరుక్కుని, గురువారం మధ్యాహ్నం వెళ్ళి గంట కొట్టాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

“గంట కొట్టాక పారిపోకుండా నిలబడ్డ మొదటి మనిషివి నువ్వే,” అంది ఫ్రౌ కెస్లర్. కళ్ళు చిట్లించింది. “ఆగాగు... బేకరీ అమ్మాయివి కదూ? పదకొండు జవాబులు చెప్పావు. లోపలికి రా. కుర్చీలు కట్టేశారు, పెట్టె మీద కూర్చో.”

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. రెండింటికీ మణికట్టు దాకా కట్లు.

“ఏమైంది, కెస్లర్ గారూ?”

“తెలిస్తే చెప్పనా?” కట్టు కొస పళ్ళతో పట్టుకుని విప్పింది. అరచేతుల్లో అడ్డంగా చర్మం లేచిపోయి ఉంది, రెండు చేతులకీ ఒకే చోట. “ఎనిమిదింటికి పడుకుంటాను. పొద్దున్న లేచేసరికి ఇది. తాడేమైనా లాగారా అంటాడు డాక్టరు. ఈ వయసులో నేనేం లాగుతాను, నా మేజోళ్ళు లాక్కోవడమే గొప్ప!”

“రోజూనా?”

“ఎగ్జిబిషన్ ఉన్న వారాల్లో.”

నేను కథ చెప్పే వారాల్లో.

గదిలో పెట్టెలు కప్పుదాకా ఉన్నాయి. పక్క ఊరు ఫుర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నానంది. అక్కడ వంటింటి పక్కన ఒక గదట. “జనం మీద నాకు కోపం లేదు. ఆ కథ మొదట చెప్పినవాళ్ళు ఎవరో ఒక్కసారి చూడాలనుంది.”

“చూసి?”

ఆవిడ మెల్లగా నవ్వింది. ఆ నవ్వులో మంచితనం లేదు.

“నలభై మూడేళ్ళు నేను ఈ ఊరి గురించి ఒక్క అబద్ధం ఆడలేదు. నా ఇంటి పేరుకి హత్య అంటగట్టారు. చూసి ఏం చేస్తానో నాకే తెలీదు. నువ్వు గైడ్ల మధ్య తిరుగుతావు కదా, కాస్త కనుక్కుని చెప్తావా?”

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది.

“కనుక్కుంటాను, కెస్లర్ గారూ,” అన్నాను.

మెట్లు దిగాను. పెరట్లో టోర్బెన్ కోటు బావి మూత మీద అలాగే ఉంది. ఆ కోటు చెయ్యి ఒకటి ఊచల సందులోంచి లోపలికి జారి ఉంది. తీద్దామని లాగాను. రాలేదు. గట్టిగా లాగాను.

అవతల నుంచి కూడా లాగారు.

ఆ సాయంత్రం మా వీధి తలుపు దగ్గర విన్నాను. తాడు రాతి మీద ఒరుసుకుంటోంది. శుక్రవారం మొదటి అంతస్తులో. నిన్న రెండో అంతస్తులో. కింది వాటా ఆవిణ్ణి అడిగాను, బట్టలారేసుకునే తాడేమైనా కట్టారా అని. లేదంది. ఇవాళ ఆదివారం. గంట నుంచి మూడో అంతస్తు మెట్ల మలుపులో వింటున్నాను. నేనుండేది నాలుగో అంతస్తు. రేపు సోమవారం.

ఏజెన్సీకి టూర్లు మానేస్తున్నానని రాశాను. దాని వల్ల ఏమీ ఆగలేదు. నిజం చెప్తే ఈ ఊళ్ళో నన్నింకెవరూ లాంతరు పట్టుకోనివ్వరు. సంఘం అన్ని హోటళ్ళకీ రాస్తుంది. రాయాలి కూడా. ఇంకా ఒకటుంది, దాచకుండా రాస్తాను: ఆవిడ పెట్టెల మధ్య కట్లతో కూర్చుని ఉన్నప్పుడు కూడా, నాలో ఒక మూల ఆ పెన్సిల్ చప్పుడుకి బాగా అయిందని సంతోషపడింది. ఆ మూల ఇప్పటికీ చావలేదు. కాబట్టి ఇది భయంతో చేస్తున్నానో సిగ్గుతో చేస్తున్నానో నన్నడక్కండి.

ఆవిడ ఇల్లు వదిలితేనే ఆ తాడు వదిలేది. కథ నాదని తెలిస్తే, రేపు ఏడింటికి వచ్చే బండిని ఆవిడ వెనక్కి పంపొచ్చు. పంపకపోనూవచ్చు. నన్ను కోర్టుకీడ్చొచ్చు. ఆవిడ ఇష్టం.

బ్యాడ్జి ఇవ్వలేమని సంఘం పంపిన ఉత్తరం అడుగున ఆవిడ ఫోన్ నంబరుంది. ఇప్పుడు ఏడూ నలభై ఐదు. ఇంకా పడుకుని ఉండదు.

చేస్తున్నాను.