స్వరాజ్యం ఇయ్యనన్న చైను

“చైన్ ఫొటో చూపెట్టి చైన్ ఇయ్యమంటే ఎట్లిస్తరు సారూ? మిషన్ ఏది?”

అరవింద్ ఫోన్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. శంషాబాద్‌లో పాత బెంగుళూరు రోడ్డు పక్కన ‘మొగులయ్య మిషన్ స్పేర్లు, రిపేరు’ అన్న బోర్డు చూసి లోపలికొచ్చాడు. మొగులయ్య అంటే కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఉంటాడనుకున్నాడు. కౌంటర్ వెనక పాతికేళ్ల అమ్మాయి ఉంది. జడ చివర గ్రీజు మరక ఉంది. కళ్లలో మాత్రం కాస్త కూడా మొహమాటం లేదు.

“చెట్లు కోసే రంపం మిషనండీ, చెట్టు దగ్గరే ఉంది. పద్దెనిమిది ఇంచుల బార్. దానికి సరిపోయే చైన్ ఒకటి ఇచ్చేయండి, చాలు.”

“పద్దెనిమిది ఇంచుల బార్‌కు అరవై ఎనిమిది లింకులదుంటది, డెబ్బై రెండుదుంటది. ఏదియ్యాలె?”

“తెలీదండీ.”

“మరి పోయి మిషన్ తేండ్రి. పాత చైన్ గూడ.”

అరవింద్‌ది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. హార్టికల్చర్ చదివి, మూడు నెలల కిందట ఇక్కడ తోటల పని చూసే ఓ చిన్న కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరాడు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల నాలుగు కాలనీల చెట్లూ చేమలూ అతని బాధ్యతే. నిన్న సాయంత్రం గాలివానకి ఒక కాలనీ గేటు ముందు నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడింది. ఇరవై ఇళ్ల కార్లు లోపలే ఉండిపోయాయి. పొద్దున్నే చెట్టు కోయడం మొదలెట్టగానే అరిగిపోయిన చైన్ కాస్తా తెగింది. మధ్యాహ్నంలోపు దారి తెరవకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దని కంపెనీ ఓనర్ ఫోన్‌లో అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

ఇరవై నిమిషాల్లో మళ్లీ వచ్చాడు. రంపం మిషన్‌ని చంటిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని వచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

“డెబ్బై రెండండీ! రెండుసార్లు లెక్కపెట్టాను.”

“మంచిగ చేసిన్రు,” అని ఆమె మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

“నా మీద నమ్మకం లేదా అండీ?”

“నా మీద నాకే లేదు సారూ.”

లెక్కయ్యాక మూడు రివెట్ల మధ్య దూరం కొలిచింది. ఆ తర్వాత బార్ అంచున చైన్ కూర్చునే గాడిలో కొలత పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూసింది.

“బార్ మీద నంబర్ ఉంటది. మీ దాని మీద అరిగిపోయింది. ఈ గాడి ఒకటిన్నర మిల్లీ. ఒకటిన్నర చైన్లు నా దగ్గర ఉన్నయన్నీ పొద్దుగాల్నే అయిపోయినయి. గాలివాన గద, అందరికీ గదే పని. నాలుగింటికి సిటీ నుంచి ఆటోల ఒస్తయి.”

అరవింద్ ఆమె వెనక కొక్కేనికి వేలాడుతున్న ప్యాకెట్ వైపు వేలు చూపించాడు. పద్దెనిమిది ఇంచులు, డెబ్బై రెండు లింకులు అని ఇంత లావు అక్షరాలతో రాసుంది.

“అదేంటండీ మరి?”

“అది ఒకటి పాయింట్ మూడు. పలచగుంటది.”

“లింకులు అవే, పొడవు అదే. ఎక్కుతుంది కదా?”

“ఎక్కుతది. ఎక్కినంక గాడిల అటూ ఇటూ ఊగుతది. జర జోరు పెట్టంగనే తప్పుకుంటది. ఇయ్య.”

“రెండు వెంట్రుకలంత తేడా కూడా లేదు! ఒక్క చెట్టండీ. సాయంత్రం అసలుది మార్చుకుంటాను.”

“ఇయ్య సారూ.”

“అసలు మీరు అమ్మడానికే కూర్చున్నారా?”

“అమ్ముతందుకే కూసున్న. ఇది మాత్రం ఇయ్య.”

లోపలి గదిలోంచి ఎవరో పెద్దాయన, “స్వరాజ్యం, చాయ్ సల్లారుతుంది బిడ్డా,” అన్నాడు.

“పేరుకి తగ్గట్టే ఉంది పరిపాలన,” అని గొణిగి, అరవింద్ మిషన్ ఎత్తుకుని బయటపడ్డాడు.

ఇంకో నాలుగు కొట్లు దాటాక ఒకాయన బార్ పొడవొక్కటి అడిగి ప్యాకెట్ చేతిలో పెట్టాడు. అరవింద్‌కి ప్రాణం లేచొచ్చింది.

చెట్టు దగ్గర యాదగిరి ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. రావిర్యాల నుంచి రోజూ పనికొస్తాడు. మిషన్ పట్టడంలో అతనంత నిదానస్తుడు కంపెనీలో లేడు.

“మొగులయ్య బిడ్డ కాడ తెచ్చిన్రా సారూ?”

“ఆ... అక్కడే,” అన్నాడు అరవింద్, మొహం పక్కకి తిప్పుకుని.

చైన్ చక్కగానే ఎక్కింది. మొదటి కొమ్మ తెగింది, రెండోది తెగింది. అరవింద్ మనసులో స్వరాజ్యంతో వాదించి గెలిచాడు కూడా. మూడోది లావు కొమ్మ. యాదగిరి జోరు పెంచాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి విమానం దిగుతోంది. ఆ హోరులో ఠప్పుమన్న చప్పుడు సగమే వినిపించింది. చైన్ గాడిలోంచి జారి, కొరడాలా వెనక్కి కొట్టి, యాదగిరి ప్యాంటుని తొడ దగ్గర జానెడు చీల్చింది.

యాదగిరి మిషన్ ఆపి, దుంగ మీద కూర్చుండిపోయాడు. అరవింద్ పరుగున వెళ్లాడు. తొడ మీద వేలెడు పొడవు గీత. రక్తం సన్నగా కారుతోంది. అంతే. ఇంకొంచెం లోతుగా తగిలుంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

“ఏం గాలే సారూ. పరేషాన్ గాకుండ్రి,” అన్నాడు యాదగిరే.

అతన్ని దవాఖానకి తీసుకెళ్లి, సూది వేయించి, కట్టు కట్టించి, నీడలో కూర్చోబెట్టి వచ్చేసరికి పదకొండు దాటింది. బండి దానంతటదే వెళ్లినట్టు స్వరాజ్యం కొట్టు ముందు ఆగింది. ఆమె అతని మొహం చూసింది, చేతిలో వంకరపోయిన చైన్ చూసింది.

“ఎవ్వరికి తాకింది?” అంది.

నేను చెప్పలేదా అని అంటుందేమోనని సిద్ధపడి వచ్చినవాడు, ఆ ఒక్క ప్రశ్నకి చైన్ కౌంటర్ మీద పెట్టేశాడు. జరిగిందంతా చెప్పాడు. చెబుతుండగానే ఓనర్ ఫోన్ వచ్చింది. అరుపులు కౌంటర్ అవతలికి కూడా వినిపిస్తున్నాయి.

“లేదు సార్, యాదగిరి గారిది కాదు. వద్దని చెప్పినా వినకుండా పలచటి చైన్ కొన్నది నేను. తప్పు నాదే. దారి సాయంత్రానికి తెరుస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం.”

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి స్వరాజ్యం అతన్నే చూస్తోంది. ఇందాకటి చూపు కాదు అది.

“కూసోండ్రి,” అని తను ఫోన్ తీసింది. రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. “మా సామాన్ల ఆటో ఇయ్యాల ముందుగాల్నే ఎల్లిందట, గని ఆరాంఘర్ కాడ ఆగింది. నీళ్లు నిలిచినయట రోడ్డు మీద. మనమే ఎదురువోదాం. నా స్కూటర్ మీద పోదాం, నేను నడుపుత.”

లోపల్నుంచి మొగులయ్య వచ్చి అరవింద్ చేతికి చాయ్ గ్లాసు ఇచ్చాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. అరవింద్ చూసి, చూడనట్టు చాయ్ తాగాడు.

స్కూటర్ గగన్‌పహాడ్ దాటగానే చినుకులు మొదలయ్యాయి. అరవింద్ వెనక్కి చివరికంటా జరిగి, సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

“గంత దూరం కూసుంటే పడ్తరు సారూ.”

“పర్లేదండీ.”

“మీరు పడితే మళ్ల దవాఖానకు నేనే తీస్కపోవాలె. జర ముందటికి జరుగుండ్రి.”

జరిగాడు, బెత్తెడు. వాన మాత్రం జాలి చూపకుండా ఇద్దర్నీ తడిపింది. ఫ్లైఓవర్ కింద బండి ఆపి నిలబడ్డప్పుడు ఆమె ముఖం తుడుచుకుంటూ, అడక్కుండానే చెప్పింది.

“బాపు చెట్లు కోసేటోడు. నాకు పందొమ్మిదేండ్లప్పుడు చైన్ తెమ్మని పంపిండు. పద్దెనిమిది ఇంచులని చెప్పిన, వాళ్లిచ్చింది తెచ్చిన. ఎక్కింది. మీ లెక్కనే.” కుడిచేతి రెండు వేళ్లు ముడిచి చూపించింది. “బాపు ఒక్కనాడు గూడ నన్ను ఒక్క మాట అనలే. దవాఖానల కట్టుతోని పండుకొని, ఇగ మనమే కొట్టు పెడదాం బిడ్డా, ఎవ్వరికీ గిట్ల కావద్దు అన్నడు.”

అరవింద్ జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. అదీ తడిసే ఉంది. ఆమె దాన్ని పిండి, నవ్వి, తిరిగి ఇచ్చేసింది.

ఆరాంఘర్ దగ్గర ఆటో దొరికింది. ఒకటిన్నరకల్లా చెట్టు దగ్గరికొచ్చారు. స్వరాజ్యం తనే నేల మీద కూర్చుని చైన్ ఎక్కించింది. బార్‌ని పట్టుకుని చైన్‌ని పక్కకి ఊపి చూపించింది. కదల్లేదు. బిగింపు సరిచేసి, చేత్తో తిప్పితే నూనె రాసినట్టు తిరిగింది.

“కాకా, కాలు నొస్తుందా? నేను పట్టాల్నా మిషన్?” అంది యాదగిరితో.

“నువ్వు పక్కకుండు బిడ్డా. నేను కోస్త.”

నాలుగున్నరకి చివరి దుంగ పక్కకి దొర్లింది. కార్లు ఒక్కొక్కటే హారన్లు కొట్టుకుంటూ బయటికొచ్చాయి. ఓ పెద్దావిడ కారు ఆపించి మరీ యాదగిరికి నమస్కారం పెట్టింది. రాత్రిలోగా ఉద్యోగం పోతుందనుకున్న అరవింద్‌కి ఓనర్ నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది. రేపటి నుంచి చైన్లు ఎక్కడ కొనాలో నువ్వే చూడు, అని.

ఎక్కడ కొనాలో అరవింద్‌కి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆ నెలంతా చైన్లు కొన్నాడు. చైన్ పళ్లకి పదును పెట్టే ఆకురాళ్లు కొన్నాడు. పదును పెట్టడం రావట్లేదని నేర్చుకోవడానికి వచ్చాడు. వచ్చాక మర్చిపోయానని మళ్లీ వచ్చాడు. మొగులయ్య రెండు గ్లాసుల చాయ్ కౌంటర్ మీద పెట్టి, పని లేకపోయినా లోపలికి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు.

జులైలో, చెట్టు పడ్డ చోట కానుగ మొక్క నాటుతున్నామని స్వరాజ్యాన్ని పిలిచాడు అరవింద్. ఆమె వచ్చింది. జడ చివర గ్రీజు లేదు, కనకాంబరాలున్నాయి. మొక్క నాటడం అయిపోయింది, నీళ్లు పోయడం అయిపోయింది. అరవింద్ చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

“మీకో మాట చెప్పాలండీ.”

“చైన్ గురించా?”

“కాదండీ.”

“ఆకురాళ్ల గురించా? ఒక్క మిషన్‌కు నెలల నాలుగు ఎవ్వరన్న కొంటరా సారూ?”

“రెండు ఇంకా ప్యాకెట్లోనే ఉన్నాయండీ.”

“నాకెర్కే.”

అరవింద్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. “యాదగిరి గారు పొద్దున్నే కులాసాగా పనిలోకొచ్చినప్పుడల్లా మీరు గుర్తొచ్చి దణ్ణం పెట్టుకుంటున్నాను. పొద్దున ఒక్కసారితో ఆగితే బాగుండేది. మధ్యాహ్నం గుర్తొస్తున్నారు, సాయంత్రం గుర్తొస్తున్నారు. నన్ను పెళ్లి చేసుకుంటారా అండీ?”

స్వరాజ్యం తల వంచుకుని మొక్క పాదులో మట్టి సర్దింది.

“చైన్ ఇయ్యనంటే తిట్టిపోయినోళ్లు మస్తు మంది,” అంది చివరికి. “ఆడిపిల్లకేం తెలుసన్నోళ్లున్నరు. నేను చెప్పింది నిజమని తెలిసినంక గూడ ఎవ్వరూ తిరిగి రాలే. మీరొచ్చిన్రు. నౌకరి పోతదని తెలిసి గూడ తప్పు నాదే అని ఫోన్ల చెప్పిన్రు. ఆ రోజు మీరు వోయినంక నేను మస్తు ఏడ్చిన. బాపుకు దెబ్బ తాకినప్పటిసంది నా మీద ఉన్న బరువు గా రోజు జర దిగింది. మీకు నేనేం చేసిన్నో గని, నాకు మాత్రం మీరు గిది చేసిన్రు.”

“అంటే... సరేననా అండీ?”

“ఇంట్ల గూడ గీ ‘అండీ’లు ఉంటయా?”

“అలవాటండీ.”

“‘నువ్వు’ అనుండ్రి, చూద్దాం.”

“నువ్వు... అండీ.”

స్వరాజ్యం నవ్వడం మొదలెడితే ఆపడం ఆమెకే చేతకాలేదు. దూరంగా దుంగలు సర్దుతున్న యాదగిరి ఒకసారి ఇటు చూసి, అటు తిరిగిపోయాడు.

అరవింద్ తల్లి భాగ్యలక్ష్మి శ్రావణంలో బస్సు దిగింది. భర్త పోయాక ఒంటిచేత్తో కొడుకుని చదివించిన మనిషి. కొట్టులో స్టూలు మీద కూర్చుని మొగులయ్యతో అరగంట మాట్లాడింది. స్వరాజ్యం చేతులు పట్టుకుని, “మా వాడు చిన్నప్పట్నుంచీ తొందర మనిషి తల్లీ. నిదానం నేర్పేవాళ్లు దొరికారు. నాకింకేం కావాలి?” అంది. మొగులయ్య సరేనన్నట్టు తల ఊపాడు.

పెళ్లి కార్డులు వచ్చిన రోజే ఇద్దరూ రావిర్యాల వెళ్లారు. యాదగిరి భార్య శివమ్మ చాప పరిచి, మంచినీళ్లిచ్చింది. అరవింద్ కూర్చోకుండా, ఆ రోజు తను ఆడిన అబద్ధంతో సహా అంతా ఆమెతో చెప్పాడు. శివమ్మ పూర్తిగా విని, కొంగుతో కళ్లొత్తుకుంది.

“నాకెర్కే బిడ్డా. ఇంటికొచ్చి చెప్పిండు. సారు చేతులు నాకంటె ఎక్కువ వణికినయి, ఏమనకు అన్నడు.”

అరవింద్ కార్డు తీసి యాదగిరి చేతిలో పెట్టాడు. యాదగిరికి చదువు రాదు. శివమ్మ తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆహ్వానించువారు అన్న చోట భాగ్యలక్ష్మి పేరు చదివింది. దాని కింద ఉన్న పేరు దగ్గర ఆగిపోయింది.

“ఏందే? ఎవ్వరిది?” అన్నాడు యాదగిరి.

“నీదే. యాదగిరి, శివమ్మ. నాది గూడ ఉంది.”

యాదగిరి అయోమయంగా అరవింద్ వైపు చూశాడు. “మమ్ముల పిలుస్తున్నరు గద సారూ, పేరు ఈడెందుకు పడ్డది?”

“మిమ్మల్ని పిలవట్లేదండీ,” అన్నాడు అరవింద్. “నాన్న లేరు. నా తరఫున అందర్నీ మీరే పిలుస్తున్నారు.”

యాదగిరి ఆ కార్డుని రెండు చేతుల్లో చాలాసేపు పట్టుకున్నాడు. తన పేరు ఎక్కడుందో స్వరాజ్యం వేలు పెట్టి చూపిస్తే, ఆ అక్షరాల్ని బొటనవేలితో మెల్లగా నిమిరాడు. తర్వాత తలెత్తాడు.

“ఇంకో ఇరవై కార్డులియ్యుండ్రి సారూ,” అన్నాడు. “పిలవాల్సినోళ్లు మస్తు మందున్నరు.”