నాంపల్లి గేటు, కెమెరా నాలుగు

సోమవారం ఉదయం పదింటికి కాచిగూడలో ఒక లాడ్జి మెట్ల మీద రాడార్ కోడ్ కేసులో మొదటి సాక్షి హత్య జరిగింది. ఎదురుగా ఉన్న రహస్య కెమెరా అంతా చూసింది. కానీ కంట్రోల్ రూమ్ తెర మీద వీడియో ఆగి ఆగి నడవడంతో, చంపినవాణ్ణి సమయానికి ఎవరూ గుర్తించలేకపోయారు.

గురువారం మధ్యాహ్నం. ఆబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు పై అంతస్తు. బయట టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు. లోపల ఇంటెలిజెన్స్ కంట్రోల్ రూమ్.

"రెండో సాక్షి రత్నాకర్ రెండు నలభైకి నాంపల్లి స్టేషన్ గేటు దాటుతాడు," అన్నాడు చీఫ్ మల్లేశ్వరరావు. "మన రాడార్ కోడ్‌ని విదేశీ ముఠాకు అమ్మిందెవరో అతనికే తెలుసు. ఇతనూ పోయాడంటే, జ్ఞానశేఖర్, నువ్వు మెదక్ వెళ్లి ట్యూషన్లు చెప్పుకో."

చీఫ్ తలుపు ధడేలున వేసి వెళ్లిపోయాడు.

ఏజెంట్ జ్ఞానశేఖర్ నాంపల్లి గేటు మీదున్న కెమెరా నాలుగు తెర చూస్తున్నాడు. గేటు దగ్గర మనుషులు నడవడం లేదు. ఒకచోట మాయమై మరోచోట తేలుతున్నారు.

"నెట్‌వర్క్ స్లో," అంది సిస్టమ్స్ ఎక్స్‌పర్ట్ డోరా. నల్ల సిల్కు చీర, ఖరీదైన సెంటు, చల్లని చూపు. "ఫికర్ చేయకు."

అతను ఒక కమాండ్ కొట్టాడు.

"నెట్‌వర్క్ మంచిగనే ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగ కూసుంది. వీడియో బరువంతా ప్రాసెసర్ మోస్తుంది. ఆదివారం సాయంత్రం ఈ లినక్స్ సిస్టమ్‌ల గుండెకాయ లాంటి కెర్నెల్ కొత్తది ఎక్కింది, దానికి సరిపోయే కార్డు డ్రైవర్ ఎక్కలే. ఎవరు చేసిన్రో రాసే లాగ్‌ల నీ పేరుంది."

డోరా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది.

"జర తెలివి ఎక్కువైంది నీకు. రెండు నలభై దాకా గట్లనే కూసో."

గడియారంలో రెండు ముప్పై ఆరు.

జ్ఞానశేఖర్ బల్లను కాలితో తన్నాడు. మానిటర్ ఆమె చేతి మీద పడింది. పేలిన బుల్లెట్ అతని భుజాన్ని గీరుకుంటూ పోయింది. అర నిమిషంలో డోరా చేతికి బేడీలు పడ్డాయి, రెండో కొస సర్వర్ ర్యాక్‌కి.

"సచ్చిపోతడు వాడు," అందామె. "ఏం చేయలేవు నువ్వు."

అతను సిస్టమ్ రీబూట్ చేశాడు. మొదలయ్యేటప్పటి మెనూలో పాత కెర్నెల్ ఇంకా ఉంది. దానికి సరిపోయే డ్రైవర్ కూడా. రక్తపు వేలితోనే ఎంటర్ నొక్కాడు.

రెండు ముప్పై తొమ్మిది. రెండో మానిటర్ మీద గేటు దగ్గరి జనం నీళ్లలా సాగారు. రత్నాకర్ బయటికొస్తున్నాడు. అతని వైపు చంక కర్రతో ఒకడు కుంటుతున్నాడు. జ్ఞానశేఖర్ వంగి చూశాడు. ముందు కుంటికాలు గట్టిగా నేల మీద పడుతోంది, కర్ర తర్వాత ఆనుతోంది. కుంటు నటనే, కర్ర కొన తుపాకి గొట్టంలా బోలుగా ఉంది.

మైక్ అందుకున్నాడు. గేటు బయట ఆటోవాలా వేషంలో ఏజెంట్ బాలరాజు ఉన్నాడు.

"బాలన్నా, చంక కర్రోడు. కర్రల తుపాకి ఉంది. గుద్దెయ్."

కర్ర పైకి లేచింది. అదే క్షణాన ఆటో దూసుకొచ్చి వాణ్ణి గుద్దింది. గుండు గేటు మీది బోర్డుకు తగిలింది. రత్నాకర్ నేల మీద పడి, మోచేతులు దులుపుకుంటూ లేచాడు.

పది నిమిషాల్లో చీఫ్ తిరిగొచ్చాడు. డోరాను చూశాడు, తెరను చూశాడు. విషయమంతా విని ముఖం ముడుచుకున్నాడు.

"ఇక మీదట ఈ కంప్యూటర్లలో ఎవరూ అప్‌డేట్ చేయడానికి వీల్లేదు."

"అప్‌డేట్ చేయాలె సార్," అన్నాడు జ్ఞానశేఖర్, భుజానికి రుమాలు చుట్టుకుంటూ. "చేసేటోళ్లనే జర చూసి పెట్టుకోవాలె."