వంగిన గార్డు

పొద్దున్నే వెల్లుల్లి అన్నం వాసన కన్నా ముందు ఇనుము కోసే గ్రైండర్ మోత వచ్చింది. కాలికి కట్టుతో, చంకకర్రల సాయంతో సిల్వెస్త్రే పెరటి షెడ్డులోకి వచ్చేసరికి, మోటర్‌సైకిల్‌కు పక్కబండి తగిలించిన కిరాయి ట్రైసికిల్ ముందు గార్డు సగం తెగి వేలాడుతోంది. మిగతా సగం మీద కూతురు రోవేనా గ్రైండర్ పెట్టింది.

"ఆపు. అది ఫాదర్ గారు దీవించిన గార్డు."

"తెలుసు నాన్నా. కొవ్వొత్తి పట్టుకున్నది నేనే కదా." చెయ్యి ఆగలేదు.

లావుపాటి పైపు తెచ్చి, బండి ఫ్రేముకే అతికించి, అతను స్వయంగా చేసుకున్న గార్డు అది. ఇలోయిలో ఊరు మొత్తంలో అలాంటిది లేదని గొప్ప. కిందటి నెల వానలో బండి కల్వర్టు గోడకు గుద్దుకుంటే గార్డు మీద గీత కూడా పడలేదు. అతని కాలే విరిగింది. అయినా అదంతా దీవెన మహిమేనని, మంచంలో ఉండి కూడా దాన్ని తుడిపించుకున్నాడు. ఇప్పుడు రోవేనా ఆ బండి తానే నడుపుతానంటోంది.

"బండి ఇవ్వనన్నానని దాని మీద కసి తీర్చుకుంటున్నావా?"

"నువ్విచ్చినా ఇవ్వకపోయినా నడుపుతా. దీంతో మాత్రం నడపను."

ఆమె మూలనున్న కొత్త గార్డు తెచ్చి బోల్టులు బిగించింది. సన్న పైపు, పలచని పట్టీలు.

"ఇదేంటి, సేమియాలా ఉంది? వీధిలో నవ్వరూ?"

"నవ్వనీ. గుద్దితే ఇది వంగుతుంది. నీది వంగలేదు. అందుకే దెబ్బంతా ఫ్రేములోకి పోయి పక్కబండి అతుకు ఊడింది. నీ కాలు దాని కిందే పడింది."

"దీవెనను కోసి పారేసి నాకే పాఠాలా?"

రోవేనా తల్లి పురింగ్ గరిటెతోనే బయటికి వచ్చింది. మణికట్టుకు జపమాల.

"నాకో సందేహం," అంది నెమ్మదిగా. "ఆ రోజు ఫాదర్ గారు నీళ్లు చల్లింది ఇనుము కోసమా, అందులో కూర్చునే మన కోసమా? ఇనుము కోసమే అయితే దీవెన చక్కగా ఫలించింది. దానికేం కాలేదు."

సిల్వెస్త్రే చంకకర్రతో కొత్త గార్డును తట్టాడు. "వంగుతుందని నోటితో అంటే సరా?"

రోవేనా బండెక్కి స్టార్ట్ చేసింది. పెరటి చివరి సిమెంటు స్తంభం వైపు తిప్పింది. పురింగ్ వెళ్లి పక్కబండిలో కూర్చుంది.

"దిగమ్మా."

"దిగను. నమ్మకం లేకపోతే ఇది చేసేదానివే కాదు."

"పురింగ్, దిగవే." సిల్వెస్త్రే ఒక అడుగు ముందుకు వేశాడు.

బండి వెళ్లి స్తంభాన్ని గుద్దింది. గార్డు నలిగి లోపలికి వంగింది. జపమాల ఒకసారి ఊగి నిలిచింది.

సిల్వెస్త్రే ఒక కర్ర వదిలేసి కుంటుకుంటూ వచ్చాడు. "తగిలిందా?" అని భార్య భుజం తడిమాడు. తర్వాత వంగి, పక్కబండికి మళ్లీ వేసిన అతుకు పొడవునా వేలు రాసి చూశాడు. పగులు లేదు. చివరికి గార్డు చూశాడు.

"కుడి పక్క సరిగా వంగలేదు. ఆ పట్టీ ఇంకాస్త పలచన చెయ్యి."

"అంటే ఇంకోటి చెయ్యమంటావా?"

"ఇది నలిగిపోయిందిగా," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆదివారం, ఎప్పుడూ కూర్చోని పక్కబండిలో కట్టుకాలు చాపుకుని కూర్చున్నాడు. వీధిలో నవ్వారు. రోవేనా హారన్ కొట్టింది. చర్చి ముందు అతను ప్రయాణికుడిలా పైరేకు తట్టాడు. బండి ఆగింది.

ఫాదర్ గారు దీవెన నీళ్లతో కొత్త గార్డు దగ్గరికి వచ్చారు.

"దానికి తర్వాత, ఫాదర్," అన్నాడు సిల్వెస్త్రే. "ముందు నడిపేదాని తల మీద చల్లండి."

రోవేనా హెల్మెట్ తీసి తల వంచింది.