టాటాకి వచ్చిన సముద్రం

"ఇవి సముద్రం నీళ్ళు కావు!"

తనుశ్రీ అంత మాట అనేసరికి పైడిబాబు మొహం మాడిపోయింది. అతను ఉక్కు ఊరు టాటా నుంచి విశాఖ వెళ్ళొచ్చే రైల్లో ఏసీ బోగీ అటెండెంట్. దుప్పట్లు సర్ది కాస్త కునుకు తీయాల్సిన వేళ బీచికి పరిగెత్తి, మోకాలి లోతు దిగి నింపి తెచ్చిన క్యాను అది.

"ఏటి మేడమ్, నేను అబద్ధమాడతానా?"

"సచ్ బతాయియే, నిజం చెప్పండి. ఇక్కడే బిష్టుపూర్ వీధి కుళాయిలో పట్టారా?"

తనుశ్రీ కాలేజీ ల్యాబ్‌లో కొత్త ఉత్ప్రేరకం తయారుచేస్తోంది. అది పూసిన రేకుల్ని సముద్రపు నీళ్ళలో ముంచి కరెంటు పెడితే ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్ రావాలి. క్లోరిన్ మాత్రం రాకూడదు. అసలైన సముద్రపు నీళ్ళయితే, వాటిలోని మెగ్నీషియం వల్ల హైడ్రోజన్ వచ్చే రేకు మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఇవాళ పొద్దున్నుంచీ కరెంటు పెట్టినా రేకు తళతళలాడుతూనే ఉంది.

"రేపు మా గైడ్ సార్‌కి రిజల్ట్ చూపించాలి. మిమ్మల్ని నమ్మాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ!"

పైడిబాబుకి ఆ మాట గుచ్చుకుంది. ఉద్యోగం పోయినా ఇంత బాధపడడు. ఈ అమ్మాయి తనని మోసగాడనుకుంటే మాత్రం తట్టుకోలేడు.

"రాత్రి క్యాను మా ఇంట్లోనే ఉంది. రండి, మా నానమ్మని అడుగుదురు గానీ."

ముసురులో ఆటో పైడిబాబు వాళ్ళుండే సీతారాండేరా పేట చేరేదాకా ఇద్దరూ చెరో పక్కకి చూస్తూ కూర్చున్నారు.

"క్యానా?" అంది జోగమ్మ గుమ్మంలోనే. "ఇయ్యాల కార్తీక పున్నమి గదరా! సముద్ర స్నానం సేసి ఏళ్ళయిపోనాది. ఎదురుగా సముద్రం నీళ్ళుంటే మనసాగుద్దేటి? తెల్లారగట్ట నెత్తిమీద పోసేసుకున్నాను."

"మరి ల్యాబ్‌కి తీసుకెళ్ళినవి?"

"కుళాయి నీళ్ళు. ఉప్పేసి, రుచి సూసి మరీ కలిపాను."

పైడిబాబు "అమ్మయ్య!" అంటూ అరుగు మీద కూలబడ్డాడు. తనుశ్రీకి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"సారీ పైడీ. నోటికొచ్చినట్టు అనేశాను."

ఇన్నాళ్ళూ పిలిచిన గారూ, మీరూ ఎటు పోయాయో!

జోగమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వేనామ్మా? తిండైనా తినకుండా సముద్రానికి పరిగెడతన్నాడంటే ఎవరికోసమా అనుకున్నాను."

"నానమ్మా!"

"నా నీళ్ళ కోసం కాదా?" తనుశ్రీ మెల్లగా అడిగింది.

పైడిబాబు తల గోక్కున్నాడు. "నీళ్ళ కోసమే అయితే ఒక్కసారే డ్రమ్ముడు తెచ్చి పడేద్దును. క్యాను క్యాను తెత్తన్నానంటే... మీరంటే ఇష్టం మేడమ్. వచ్చినప్పుడల్లా చూడొచ్చని."

తనుశ్రీ ముందు సార్‌కి ఫోన్ చేసింది. నీళ్ళు మారిపోయాయని, రేపు రిజల్ట్ చూపించలేనని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందే చెప్పి మంచి పని చేశావు. మళ్ళీ నీళ్ళు తెప్పించి చెయ్యి" అన్నారాయన.

ఆమె గుండె తేలికపడింది. ఫోన్ పెట్టేసి, పైడిబాబు వైపు తిరిగింది.

"డ్రమ్ము వద్దు. క్యానే తీసుకురా."