ఎదురు వెలుగులో శత్రువు

లెక్చరర్‌ని చంపినవాళ్లు ఆయన కెమెరాని ముట్టుకోలేదు. లెన్సునీ ముట్టుకోలేదు. మెమరీ కార్డు మాత్రం తీసుకుపోయారు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి, కిటికీలు లేని గదిలో, డిపార్ట్‌మెంట్ అధిపతి ఆ శవం ఫొటోలను బల్ల మీద పరిచాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ పేరు ఫైళ్లలో 'గూడబాతు'. పన్నెండేళ్ల క్రితం ఒక గుమాస్తా 'గూఢచారి' అని రాయబోయి, మొదటి మాటలోనే ఒత్తు మరిచిపోయి, కొట్టివేత కనబడకుండా అలా పూర్తి చేశాడని చెప్పుకుంటారు.

"రిటైరైన జువాలజీ లెక్చరర్. మూడేళ్లుగా మన మనిషి," అన్నాడు పెద్దాయన. "ఎయిర్‌ఫీల్డ్ పక్క చెరువు దగ్గర పక్షులనీ, విమానాలనీ ఫొటోలు తీసేవాడు. అక్కడ తిరిగే కొత్త మొహాలను మనకి పంపేవాడు."

"శవాన్ని ముందు ఎవరు చూశారు?"

"ఫొటోగ్రఫీ క్లబ్ సెక్రటరీ. తెగ ఏడ్చాడట. ఇంకో సంగతి విను. క్లబ్ వాళ్లంతా తూర్పు గట్టు మీద నిలబడతారు. పొద్దుటి ఎండ వీపు వెనక ఉంటుంది కదా. లెక్చరర్ కూడా రోజూ అక్కడే. శవం మాత్రం పడమటి గట్టు మీద దొరికింది."

"ఎండకి ఎదురుగా నిలబడి ఫొటో తీయాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"అది కనుక్కోవడమే నీ పని. గురువారం ఏడూ పదికి మన కొత్త విమానం మొదటిసారి ఎగురుతుంది. లోపల ఏడుగురు ఉంటారు. అది ఎగరకూడదని 'గొడుగు' ముఠా కంకణం కట్టుకుంది. పరాయి దేశపు డబ్బు, మన దేశపు మనుషులు. వాళ్లలో ఒకావిడ ఉంది. ఒకప్పుడు మన మనిషే. ఇప్పుడు ఎవరి మనిషో ఆవిడకైనా తెలుసో లేదో. మంగళవారం పదకొండింటికి సెకండ్ హ్యాండ్ కెమెరా షాపులో లెక్చరర్ ఆవిణ్ణి కలవాలి. ఆయన బదులు నువ్వెళ్తున్నావు."

"అయితే సార్, ఆరొందల ఎం.ఎం. లెన్సు, కొత్త ఫుల్ ఫ్రేమ్ కెమెరా బాడీ..."

పెద్దాయన నవ్వాడు. "నీ కవర్ ఏంటో తెలుసా నాయనా? చాలీచాలని జీతంతో కెమెరా అప్‌గ్రేడ్ చేసుకోవాలని తంటాలు పడే మనిషివి. అంత సరంజామా మెడలో వేసుకుని వెళితే గంటలో దొరికిపోతావు. పైగా శాంక్షన్ కూడా కాదు."

స్టోర్స్ ఆఫీసరు అతనికి చెవిటి మిషన్‌లా కనిపించే రేడియో ఒకటీ, రబ్బరు పట్టు ఊడిపోయిన చవకరకం పాత క్రాప్ సెన్సర్ కెమెరా ఒకటీ ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పిస్తోలు అడిగితే, "పక్షులు బెదురుతాయండీ," అన్నాడు.

మంగళవారం షాపులో యజమాని కౌంటర్ వెనక ఒక లెన్సు విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ అద్దాల అలమర పక్కన నిలబడి ఉంది. బూడిదరంగు కోటు, తలమీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు, చేతిలో పొడవాటి తెల్ల లెన్సు. ఆవిడ పెట్టుకున్న సెంటు ఆ షాపులో ఉన్న సామానంతటికంటే ఖరీదైనది.

"లోపల ఫంగస్ ఉందా?" అని అడిగాడు గూడబాతు. అది కోడ్.

"చీకట్లో ఒంటరిగా పడేసిన లెన్సుకే ఫంగస్ పడుతుంది," అంది ఆవిడ. అది జవాబు. అతని చేతిలోని కెమెరా చూసి కనుబొమ్మలు ఎగరేసింది. "దీన్ని మార్చేసి కొత్త బాడీ కొందామనా?"

"అనుకుంటున్నాను."

"పొరపాటు. ఉన్న డబ్బు గాజు మీద పెట్టండి. బాడీ రెండేళ్లకి పాతబడుతుంది, లెన్సు ఇరవై ఏళ్లు ఉంటుంది. ఇది నాలుగొందల ఎం.ఎం. నాదే. దూరం పెంచే ఈ కన్వర్టర్ తగిలిస్తే అయిదొందల అరవై. కాకపోతే అప్పుడు ఆటోఫోకస్ చచ్చిపోతుంది, చేత్తో తిప్పుకోవాలి." కన్వర్టర్‌ని లెన్సుకి బిగించి చూపించింది. "ఇంతకీ పక్షులా, విమానాలా?"

"రెండూ."

"రెండూ తీసేవాళ్లు నాకు తెలుసు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉన్నవాడెవడూ అంత పొద్దున్నే గట్టు మీదికి రాడు."

ఆ మాటకి అతని దగ్గర కోడ్ ఏమీ లేదు. ఆవిడ అడిగినంత ఇచ్చాడు. అది ఖర్చులకి శాంక్షన్ అయినదానికంటే కాస్త తక్కువే. లెన్సు సంచీ అందిస్తూ ఆవిడ గొంతు తగ్గించింది.

"వెలుగు బాగున్న చోట అందరూ నిలబడతారు. తమ కాళ్ల కింద ఏముందో ఎవరూ చూసుకోరు. గురువారం అవతలి గట్టుకి వెళ్లండి."

సాయమా, ఉచ్చా? లెక్చరర్‌కి కూడా ఆవిడ ఇదే మాట చెప్పి ఉంటుందని షాపు మెట్లు దిగుతుండగా తట్టింది.

బుధవారం మధ్యాహ్నం అద్దెగదిలో గోడకి పాత పేపరు అతికించి, గది ఈ చివర నుంచి దాని మీద ఫోకస్ తిప్పడం సాధన చేశాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. రెండో మనిషి వస్తే కూర్చోవడానికి ఇంకో కుర్చీ కావాలన్న ఆలోచన ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మళ్లీ ఏదో లెన్సు కొన్నావటగా? పెళ్లీ లేదు, పెటాకులూ లేవు, ఉన్నదంతా ఆ గొట్టాల్లో పొయ్యి!"

"సెకండ్ హ్యాండేలే అక్కా."

"మీ బావ అడుగుతున్నారు, అసలు ఆ ఫొటోలు ఎవరికి చూపిస్తావురా అని."

"ఉన్నారులే చూసేవాళ్లు."

"ఎవరు?"

అతను చెప్పలేదు. పన్నెండేళ్లుగా చెప్పడం లేదు. "తిన్నావా?" అని అడిగింది అక్క చివరికి. తిన్నానన్నాడు. అదీ అబద్ధమే. ఫోన్ పెట్టేశాక చల్లారిన టీ తాగి, మళ్లీ ఫోకస్ రింగు తిప్పడం మొదలుపెట్టాడు.

గురువారం ఆరూ యాభైకి పడమటి గట్టు మీద అతనొక్కడే ఉన్నాడు. చెరువులో వందల కొద్దీ కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. అవతలి గట్టు మీద క్లబ్ సభ్యులు పదిహేనుమంది వరసగా నిలబడి, లెన్సులన్నీ రన్‌వే వైపు తిప్పి ఉంచారు. వాళ్ల వెనక నుంచి వస్తున్న ఎండ నేరుగా గూడబాతు కళ్లలో పడుతోంది. రంగులు లేవు. అన్నీ నల్లటి నీడలే.

కన్వర్టర్ తగిలించాడు. ఆటోఫోకస్ నిజంగానే చచ్చిపోయింది. రింగును వెంట్రుకవాసి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. అవతలి గట్టు కింద రెల్లు గడ్డి పదునెక్కింది. ఒక్కొక్క గడ్డిపోచా విడివిడిగా కనపడింది. వాటి మధ్య గడ్డిపోచల్లా వంగనివి కొన్ని ఉన్నాయి.

గొట్టాలు. ఎనిమిది.

పక్షుల్ని తరమడానికి ఎయిర్‌ఫీల్డుల్లో పేల్చే గ్యాస్ ఫిరంగులవి. వాటి మూతులన్నీ చెరువు మీదికి గురిపెట్టి ఉన్నాయి. ఒకేసారి పేలితే కొంగలన్నీ లేచి తిన్నగా రన్‌వే కొస మీదికి పోతాయి. అదే క్షణంలో విమానం నేలని వదిలితే ఇంజన్లలోకి వెళ్లేది గాలి కాదు. రేపటి పేపర్లో అది ఒక ప్రమాదం. ఎవరి మీదా కేసు ఉండదు.

గొట్టాల పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చున్నాడు. ఫోకస్ ఇంకాస్త తిప్పాడు. ఫైల్లో చూసిన మొహమే. ఫొటోగ్రఫీ క్లబ్ సెక్రటరీ. చేతిలో రిమోట్.

"సార్, విమానం ఆపండి! కొంగల్ని విమానానికి అడ్డంగా లేపబోతున్నారు!"

చెవిలో పెద్దాయన గొంతు గరగరలాడింది. "టవర్ లైన్ రెండు నిమిషాలుగా దొరకడం లేదు. ఎవరో కోసేశారు. విమానం రన్‌వే మొదట్లోకి వచ్చేసింది."

"కెమెరా కింద పెట్టండి."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. అతను తిరిగి చూశాడు. బూడిదరంగు కోటు, చేతిలో పిస్తోలు. ఆవిడ కళ్ల కింద రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంది.

"ఇక్కడికి ఎవరొచ్చినా కాల్చమని ఆర్డరు," అంది. "లెక్చరర్‌ని నేను చంపలేదు. నేను వచ్చేసరికే సెక్రటరీ పని కానిచ్చేశాడు. ఆపలేకపోయాను."

"ఇప్పుడు ఆపొచ్చు."

"ఎలా? ఇక్కడి నుంచి కాలిస్తే వాడికి తగలదు."

ఇంజన్ల హోరు పెరిగింది. విమానం మెల్లగా కదిలింది.

"వాడిని కాల్చొద్దు. ఆకాశంలోకి కాల్చండి. వాళ్లు చేయబోయేది మనం ముందే చేసేద్దాం. కొంగలు ఇప్పుడే లేస్తే పైలట్‌కి కనపడతాయి. వేగం అందుకున్నాక లేస్తే కనపడినా లాభం లేదు. కానివ్వండి!"

ఆవిడ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పిస్తోలు అతని గుండె మీద నుంచి లేచింది, భుజం దాటింది, తల దాటింది.

మూడుసార్లు పేలింది.

చెరువంతా ఒక్కసారిగా లేచింది. వందల రెక్కలు ఎండని కప్పేశాయి. రన్‌వే మీద బ్రేకులు కీచుమన్నాయి, ముక్కు వంచి విమానం ఆగిపోయింది. కంగారులో సెక్రటరీ రిమోట్ నొక్కాడు. ఎనిమిది ఫిరంగులూ ఖాళీ చెరువు మీద దభదభా పేలాయి. తమ కాళ్ల కిందే పేలేసరికి క్లబ్ సభ్యులు పదిహేనుమందీ లెన్సులతో సహా కిందికి తిరిగారు. ఏ గూఢచారికీ ఎవరూ అన్ని కోణాల నుంచి అన్ని ఫొటోలు తీసి ఉండరు.

గూడబాతు వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు. గడ్డి మీద ఒక మెమరీ కార్డు ఉంది.

అందులో గొట్టాల ఫొటోలు నాలుగే ఉన్నాయి. మిగతా మూడు వందలూ ఒకే కొంగవి. అది గూడు కట్టడం, తడవడం, జతకోసం చూడటం, ఎవరూ రాకపోవడం. గూడబాతు అన్నీ వరసగా చూశాడు. ఆ నాలుగూ డిపార్ట్‌మెంటుకి పంపాడు. తక్కినవి ఎవరికి పంపాలో తెలియలేదు. లెక్చరర్‌కి ఎవరూ లేరు.

శుక్రవారం పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. పక్షుల వల్ల విమానం ఒక రోజు ఆలస్యంగా ఎగురుతుందని రాశారు. స్టోర్స్ ఆఫీసరు లెన్సు వాపసు ఇవ్వమని మెమో పంపాడు.

ఆదివారం క్లబ్ సమావేశం జరిగింది. గూడబాతు మూల కుర్చీలో కూర్చున్నాడు. కొత్త సెక్రటరీ పదవికి పేర్లు అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. రోజూ అందరికంటే ముందొచ్చి గేటు తాళం తీయాలి, అందరూ ఇళ్లకి పోయాక వెయ్యాలి. ఇంటి దగ్గర ఏ పనీ లేనివాడైతే బాగుంటుందని ఎవరో అన్నారు. తలలన్నీ ఒకేసారి మూల వైపు తిరిగాయి.

పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి గూడబాతు గుట్టు రట్టయింది.