కంపెనీ పెట్టని మెట్టు

ఆదివారం పొద్దున భారతమ్మ అందరికంటే ముందే లేచి, స్నానం చేసి, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఆదివారమంటే ఎనిమిదింటికి గానీ టీ గిన్నె పొయ్యెక్కదు. నిద్రకళ్లతో బయటికొచ్చిన కోడలు స్వరాజ్యలక్ష్మి అత్తను చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందత్తా, గప్పుడే తయారైనవు? నీ కొడుకు ఇంకా చేతుల గ్రీజు సుత కడుక్కోలె."

"నాలుగేండ్లు ఆగిన. ఇంకింత సేపు ఆగలేనా!"

భారతమ్మ భర్త రాజమల్లయ్య ఎప్పుడో మిలిటరీ వాళ్ల వేలంలో పాత జీపు కొని, సిద్దిపేట నుంచి చేర్యాలకు కిరాయికి తిప్పాడు. ఆయన పోయి నాలుగేళ్లు. షెడ్డులో చిలుము పట్టిన జీపును కొడుకు రామచందర్ బాగుచేస్తానన్నప్పుడు ఆమె ఒకటే అడిగింది. బండి నడిచిన రోజు తనను అందులో చంద్లాపూర్ తీసుకుపోవాలని. అక్కడ అక్క అమృతమ్మ మంచం పట్టి ఉంది. భారతమ్మ బస్సు ఎక్కడం మానుకుని చాలా కాలమైంది.

రామచందర్ మాట తప్పే మనిషి కాదు. కాకపోతే పట్టిన పని వదిలే మనిషీ కాదు. పైపుల దుకాణం మూసి ఇంటికొచ్చి, అన్నం చల్లారిపోతున్నా సరే షెడ్డులోకి దూరేవాడు. కరీంనగర్‌లో ఒకరు, హైదరాబాద్‌లో ముగ్గురు, అలాంటి జీపులే ఉన్నవాళ్లతో ఉత్తరాలు. బండిలో ఏది ఎక్కడుండాలో చెప్పే కంపెనీ పుస్తకానికి జిరాక్సు కాగితాలు. దీపం చుట్టూ ఉండే ఒక్క రింగు కోసం మూడు నెలలు హైదరాబాద్‌లో పాత సామాన్లమ్మే జుమ్మెరాత్ బజార్‌లో వెతికాడు. "నేను పుట్టిన దినం యాదికుండదు గానీ జీపు పుట్టిన నెల యాదికుంటది" అని స్వరాజ్యలక్ష్మి దెప్పి దెప్పి చివరికి ఆ దెప్పడమూ మానేసింది. పోయిన నెలకల్లా రామచందర్‌కూ ఒళ్లు హూనమైంది. ఎలాగో అయిపోతే చాలనిపించింది.

తొమ్మిదింటికి కరీంనగర్ నుంచి, ఆ ఉత్తరాల స్నేహితుడు వెంకటనర్సయ్య తన జీపులో దిగాడు. పుస్తకం తీసి చుట్టూ తిరిగి, కిందికి వంగి, ప్రతి బోల్టూ తడిమి చూశాడు.

"రాంచెందర్, తప్పు పట్టేందుకు ఏం లేదు. కంపెనీ నుంచి నిన్ననే వచ్చినట్టుంది."

రామచందర్‌కు సంతోషం కన్నా ముందు అలసట తెలిసింది. గట్టిగా ఊపిరి వదిలి తల్లిని పిలిచాడు.

భారతమ్మ చెప్పులు విడిచి, బండిని తాకి కళ్లకద్దుకుంది. పక్క కమ్మి పట్టుకుని, కిందికి చూడకుండానే అలవాటుగా కాలెత్తింది. పాదం గాల్లో వెతుక్కుంది. మళ్లీ ఎత్తింది. మళ్లీ నేల మీదికే వచ్చింది.

"గీడ మెట్టుండె గదరా?"

"అది కంపెనీది కాదవ్వా. ఎవడో మేస్త్రి మోటుగ అతికించిండు. కోసేసిన."

"ఎవడో కాదు. మీ నాయిన."

వెంకటనర్సయ్య సర్దిచెప్పబోయాడు. "గట్ల కాదమ్మా, గది పుస్తకంల లేదు. మెట్టుంటే మా పాత జీపులోళ్లు దీన్ని అసలుది అనరు."

భారతమ్మ ఆయన్ని చూడలేదు. కొడుకునే చూసింది.

"నువ్వు ఏడు నెలలు కడుపుల ఉన్నవ్. దవాఖానకు పోవాల్నంటే నాకు గీ బండి ఎక్కరాలె. మీ నాయిన పొద్దుగూకేలోపు మెట్టు చేపిచ్చిండు. పెండ్లాం కోసం బండికి మెట్టు పెట్టిండని కిరాయికెక్కెటోళ్లంత నవ్విన్రు. నవ్వనియ్యి అన్నడు. పుస్తకంల లేదంటరా? నువ్వున్నవా ఆ పుస్తకంల?"

రామచందర్‌కు రోషం పొడుచుకొచ్చింది. "నాలుగేండ్ల సంది రెక్కలు ముక్కలు చేసుకున్న! నాయిన బండి అనే గదా చేసింది? ఒక్క ఇనుప ముక్కకు గింత లొల్లా?"

"ఏదిరా ఆ ముక్క? యాడున్నది?"

అతడు భార్య వైపు చూశాడు. "పాత ఇనుములేసిన్రత్తా" అని స్వరాజ్యలక్ష్మి మెల్లగా చెప్పింది.

"నేను ఎత్తుకొని కూసోబెడతనవ్వా."

"నేనేమన్న వడ్ల బస్తనారా? మీరు పోన్రి. బండి మంచిగుంది."

ఆ చివరి మాటలో కోపం లేదు. అదే రామచందర్‌కు ముల్లులా దిగింది. ఆమె గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

వెంకటనర్సయ్య పుస్తకం మూసేశాడు. చాలాసేపు తన జీపు వైపే చూశాడు.

"మా నాయిన సీటు కింద చెక్కపెట్టె కొట్టిచ్చుకున్నడు. అన్నం గిన్నె పెట్టుకునెతందుకు. నేను సుత పీకి పారేసిన రాంచెందర్." పుస్తకాన్ని చంకలో పెట్టుకుని అడిగాడు. "వెల్డింగాయన ఇయ్యాల దొరుకుతడా?"

"దుబ్బయ్యకు ఇల్లూ దుకాణం ఒక్కటే. దొరుకుతడు."

దుబ్బయ్యకు మెట్టు ఎత్తు కొలత చెప్పాలి కదా. అతుకుల గుర్తులు కూడా లేకుండా తనే నున్నగా గీకి రంగేశాడు. రామచందర్ టేపు పట్టుకుని లోపలికెళ్లి, మంచం మీద కూర్చున్న తల్లి ముందు కింద కూర్చున్నాడు.

"తప్పయిందవ్వా. మెట్టు పెట్టిస్త. లేసి ఒక్కసారి కాలు లేపు, ఎత్తు కొలుస్త."

ఆమె గోడకు చెయ్యి ఆనించి లేచింది. కాలెత్తింది. జానెడు కూడా లేవలేదు. అక్కడే వణుకుతూ ఆగింది.

"ఇంకింత లేపవ్వా."

"గింతే లేస్తది."

రామచందర్ చేతిలో టేపు ఆగిపోయింది. పాత మెట్టు దాదాపు మోకాలెత్తున ఉండేది. దాన్ని కోయకపోయినా తల్లి ఇవాళ ఎక్కగలిగేది కాదు. జీపులో ప్రతి బోల్టు కొలతా కంఠతా వచ్చినవాడికి అమ్మ కాలు ఎంత లేస్తుందో తెలియదు.

"గిట్ల ఎప్పుడైందవ్వా?"

"నువ్వు షెడ్డుల ఉన్నప్పుడు బిడ్డా." నిష్ఠూరం లేకుండా, అడిగినదానికి జవాబుగా చెప్పింది.

రామచందర్ ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని నేల మీద పెట్టి, దానిమీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భారతమ్మ వంగలేక వంగి అతడి నెత్తిన చెయ్యేసింది. ఆమె కళ్లూ తడిశాయి.

"లే కొడుకా. దుబ్బయ్యకు రెండు మెట్లు పెట్టుమని చెప్పు. అక్క నా కోసం చూస్తుంటది."